ఓడెక్కి ఏం చేశారు?

"ఓడెక్కి ఏం చేశార్రా?" అనడిగింది మా అమ్మ ఫోన్లో.

"తిన్నాం."

"ఇంకా?"

"పడుకున్నాం."

"ఆ తర్వాత?"

"లేచి మళ్ళీ తిన్నాం."

అవతల కాసేపు నిశ్శబ్దం. "దానికి అన్ని డాలర్లెందుకు నాన్నా? ఇంటికొస్తే నేను పెట్టనూ?" అంది.

అమ్మ లెక్కలో తప్పేం లేదు. మా వాళ్ళకి నౌకావిహారం అంటే పాపికొండలే. రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరి లాంచీ ఎక్కడం, ఊగుతున్న ప్లేట్లో ఉప్మా, ఎవరో పాట పెడితే నలుగురు డాన్సు, పేరంటాలపల్లిలో దిగి దణ్ణం పెట్టుకోవడం, చీకటి పడేలోగా వెనక్కి రావడం. అదైనా 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పట్నుంచీ అమ్మకి 'పడవ' అన్న మాట వింటేనే గుండెదడ. అందుకే ఈ ప్రయాణం గురించి తిరిగొచ్చాకే చెప్పాం. ఏడు రోజులు వాట్సప్‌లో కనబడకపోతే "ఆఫీసులో పని ఎక్కువగా ఉందమ్మా" అని అబద్ధం ఆడాం. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా అతికిపోయిందో తల్చుకుంటే నాకే కాస్త సిగ్గేసింది.

సరే, మొదట్నుంచీ చెప్తాను.

పోయిన నవంబరుకి మా పెళ్ళై పదిహేనేళ్ళు. ఈ పదిహేనేళ్ళలో మేం తీసుకున్న సెలవులు రెండు రకాలు. మొదటిది ఇండియా ట్రిప్పు. మూడు వారాల్లో రెండు పెళ్ళిళ్ళు, ఒక తిరుపతి, బ్యాంకులో కేవైసీ, పంటి డాక్టరు, అలిగిన చుట్టాలు. తిరిగొచ్చాక అలసట తీర్చుకోడానికి ఇంకో వారం కావాలి. రెండోది అమెరికాలోనే కారేసుకుని తిరగడం. నాలుగు రోజుల్లో ఐదు పార్కులు, రోజుకి నాలుగొందల మైళ్ళు. మీలో చాలామందికి ఈ రెండో రకం తెలిసే ఉంటుంది. డిక్కీలో బియ్యం, ఎలక్ట్రిక్ కుక్కరు, పులిహోర డబ్బా, పెరుగు బకెట్టు, ఊరగాయ. హోటల్ గదిలో పొగ అలారం మోగకుండా బాత్రూమ్ ఫ్యాను వేసి పోపు పెట్టడంలో మా ఆవిడ పీహెచ్‌డీ చేసింది. ఆవిడ అన్నం వండుతుంటే నేను మంచం మీద పడుకుని "ఆహా, వెకేషన్ అంటే ఇదీ" అనేవాణ్ణి.

ఈసారి ఎక్కడికెళ్దాం అనడిగితే ఆవిడ ఒకటే అంది. "నేను వంట చెయ్యక్కర్లేని చోటికి తీసుకెళ్ళండి." కాసేపాగి రెండో షరతు. "మీరు లాప్‌టాప్ తేకూడదు."

అప్పటికి మా అత్తగారూ మామగారూ విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. పిల్లల స్కూలు బస్సు ఇంటి ముందే ఆగుతుంది, పక్క వీధిలో స్నేహితులున్నారు. "వారం రోజులు మేం చూసుకోలేమా, వెళ్ళిరండి" అని అత్తగారు మమ్మల్ని దాదాపు గెంటేశారు. అలా కుదిరింది గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల కరీబియన్ క్రూయిజ్. డాలస్ నుంచి ఐదు గంటల డ్రైవు. ఆదివారం సాయంత్రం ఓడ కదిలితే సోమ, మంగళవారాలు పూర్తిగా సముద్రం మీద. బుధవారం హోండురస్ తాలూకు రోఅటాన్ దీవి, గురువారం మెక్సికోలో కోస్టా మాయ, శుక్రవారం కోజుమెల్, శనివారం మళ్ళీ సముద్రం, ఆదివారం పొద్దున గాల్వెస్టన్.

అసలీ క్రూయిజ్ వ్యాపారం పుట్టిన తీరు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అర్థమవుతుంది. హాంబర్గ్ నౌకా సంస్థలో ఆల్బర్ట్ బాలిన్ అని ఒకాయన ఉండేవాడు. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్ళు తగ్గిపోయి ఆయన ఓడలు ఖాళీగా ఉండేవి. 1891 జనవరిలో 'ఆగస్టా విక్టోరియా' అన్న ఓడని కేవలం షికారు కోసమని జనాన్ని ఎక్కించుకుని మధ్యధరా సముద్రం వైపు రెండు నెలలు తిప్పాడు. ఎక్కడికో చేరడానికి కాకుండా ఊరికే ఓడలో ఉండటానికి జనం డబ్బులిస్తారని అప్పుడు తెలిసింది. బెంచి మీదున్న రిసోర్సుని బిల్లింగ్‌లో పెట్టడం అన్నమాట :) ఇప్పుడా వ్యాపారం ఎక్కడిదాకా వచ్చిందంటే, 2024లో మొదలైన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' అన్న ఓడ పరిమాణం టైటానిక్‌కి ఐదు రెట్ల పైమాటే. మేం ఎక్కింది అంత పెద్దది కాదు గానీ, రేవులో నిలబడి తలెత్తి చూస్తే మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు మొత్తం పడుకోబెట్టినట్టే ఉంది.

ఎక్కగానే చేసిన మొదటి పని బఫేకి పరిగెత్తడం. ద్వారం దగ్గర చేతులు కడుక్కోమని పాట పాడుతూ ఒకాయన నిలబడ్డాడు. లోపల ఎటు చూసినా తిండే. మనవాళ్ళ బుర్రలో ఒక మీటరుంటుంది కదా, 'కట్టిన డబ్బులు వసూలయ్యాయా' అని తిరిగేది, అది గిర్రున తిరగడం మొదలెట్టింది. పిజ్జా, పాస్తా, పళ్ళు, ఐదు రకాల కేకులు, ఓ మూల పప్పూ అన్నం కూడా. నేను ఒక ప్లేటు ఎడం చేత్తో, ఒకటి కుడి చేత్తో పట్టుకొచ్చా. మా ఆవిడ ఓ గిన్నెలో పుచ్చకాయ ముక్కలు తెచ్చుకుని కిటికీ పక్కన కూర్చుంది. "అంతేనా?" అంటే "రేపు కూడా ఉంటుంది కదండీ" అంది. నాకది తట్టలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది రాత్రి భోజనం గురించి.

బఫే కాకుండా ఓడలో పెద్ద భోజనాల హాలు ఉంటుంది. రోజూ అదే టైము, అదే టేబులు, అదే వెయిటర్లు. మాకు కిటికీ దగ్గర ఇద్దరి టేబులు ఇచ్చారు. వెయిటరు గోవా మనిషి, ఆయన సహాయకుడు ఇండోనేషియా కుర్రాడు. మమ్మల్ని చూడగానే గోవా ఆయన హిందీలోకి దిగిపోయాడు. నేను నా హైదరాబాదీ హిందీలో అందుకున్నాను. మెనూలో రోజూ ఒక భారతీయ శాకాహార వంటకం ఉంటుందని, ముందురోజే చెప్తే మేడమ్ కోసం వంటింట్లో మనవాళ్ళు పప్పూ రొట్టే విడిగా చేసిపెడతారని చెప్పాడు. "ఏమైనా పడనివి ఉన్నాయా?" అనడిగాడు.

నేను ఠక్కున చెప్పాను. "నాకేం లేవు. తనకి వేడి పడదు. సూపూ అదీ కాస్త చల్లార్చి తెండి."

ఇది నేను కొత్తగా చెప్పిన మాట కాదు. ఏ పార్టీలో అయినా మా ఆవిడ ఆలస్యంగా ప్లేటు పట్టుకుంటే "తనకి వేడి పడదండీ, చల్లారాకే తింటుంది" అని గర్వంగా చెప్తుంటాను. భార్య అలవాట్లు గుర్తుపెట్టుకున్న మొగుణ్ణి కదా మరి! ఆవిడ నావైపు ఒకసారి చూసి, మెనూ చదువుకోవడంలో పడింది.

ఆ రాత్రి గమనించినవి ఇంకో రెండున్నాయి. కూర రాగానే ఆవిడ తన ప్లేటు ముట్టుకోకుండా నా ప్లేట్లోకి వడ్డించబోయింది. మధ్యలో నా గ్లాసు ఖాళీ అయితే నీళ్ళ కోసం కుర్చీలోంచి సగం లేచింది. ఆవిడ లేచేలోపే ఇండోనేషియా కుర్రాడు కూజాతో వచ్చేశాడు. "ప్లీజ్ సిట్, మేడమ్" అన్నాడు. ఆవిడ కూర్చుంది గానీ చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది. మేమిద్దరం ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నాం. మాట్లాడుకోడానికి ఏమీ దొరకలేదు. పిల్లలు అన్నం తిన్నారో లేదో అన్న ఒక్క విషయమే మూడుసార్లు మాట్లాడుకున్నాం. పదిహేనేళ్ళ కాపురంలో ఇంట్లో భోజనానికి ఇలా ఎదురెదురుగా ఎప్పుడు కూర్చున్నామా అని ఆలోచిస్తే గుర్తురాలేదు. నేను తినేటప్పుడు ఆవిడ పొయ్యి దగ్గర, ఆవిడ తినేటప్పుడు నేను టీవీ దగ్గర.

సోమవారం మొత్తం సముద్రమే. మా ఆవిడ పొద్దున పదిన్నర దాకా పడుకుంది. పదిన్నర! జ్వరమొస్తే తప్ప ఆవిడ ఆరున్నర దాటి పడుకోవడం నేను చూళ్ళేదు. రెండుసార్లు వెళ్ళి ఊపిరి పీలుస్తోందో లేదో చూసొచ్చాను.

పైన ఈతకొలను దగ్గర పడక కుర్చీల కోసం జరిగే యుద్ధం చూస్తే మన ఆర్టీసీ బస్టాండు గుర్తొచ్చింది. జనం పొద్దున్నే వచ్చి కుర్చీ మీద తువ్వాలు పరిచి టిఫిన్‌కి పోతారు. కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు ఆపడం మన పేటెంటు అనుకున్నా ఇన్నాళ్ళూ. తేడా ఏంటంటే ఇక్కడ కాసేపు మనిషి కనబడకపోతే సిబ్బంది వచ్చి తువ్వాలు తీసేస్తారు. మన కండక్టర్లకి ఆ ధైర్యం లేదు పాపం. మాకు కొలను దగ్గర దొరకలేదు. వెనకవైపు నీడలో, ఓడ వదిలిన తెల్లటి నురుగు దారి కనబడేచోట రెండు కుర్చీలు దొరికాయి. నిజానికి అదే మంచి చోటు. ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకుని ఆరేళ్ళుగా తెరవని నవల ఒకటి తీసింది. నేను ప్రతి అరగంటకీ "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాను. నాలుగోసారి "ఏమీ చెయ్యొద్దు, దానికే వచ్చాం" అంది.

ఆ 'ఏమీ చెయ్యకపోవడం' నాకు చేతకాలేదని ఒప్పుకోవాలి. ఎందుకంటే... లాప్‌టాప్ తేలేదు నిజమే. కానీ ఓడ ఎక్కకముందే నా ఫోనుకి వైఫై ప్యాకేజీ కొనేశాను. ఆవిడకి చెప్పలేదు. ఒకప్పుడైతే నడిసముద్రంలో ఇంటర్నెట్ అంటే మెయిలు తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. 2022 నుంచి క్రూయిజ్ ఓడల్లోకి స్టార్‌లింక్ రావడం మొదలయ్యాక 'సిగ్నల్ లేదు' అన్న సాకు కూడా పోయింది. థాంక్స్‌గివింగ్ ముందు కోడ్ ఫ్రీజ్ పెడతారు కదా, దానికి ముందరి ఆఖరి రిలీజు సరిగ్గా ఆ బుధవారం రాత్రే. నేను లేకపోతే ఆ రిలీజు ఆగిపోతుందని నా గట్టి నమ్మకం. అందుకని బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా చాట్ చూసుకునేవాణ్ణి. "కడుపులో బాలేదా?" అని కూడా అడిగింది పాపం.

ఆ రాత్రి ఇద్దరికీ టమాటా సూపు వచ్చింది. నాది పొగలు కక్కుతోంది. ఆవిడది గోరువెచ్చగా. నేను చెప్పింది ఆయన రాసి పెట్టుకున్నాడన్నమాట. సర్వీసంటే ఇదీ అని మెచ్చుకున్నాను. ఆవిడ మాట్లాడకుండా తాగింది.

మంగళవారం రాత్రి అందరూ తయారై వచ్చే రాత్రి. సూట్లు, పొడుగు గౌన్లు. మా ఆవిడ మెంతిరంగు వెంకటగిరి చీర కట్టుకుంది. దార్లో ముగ్గురు ఆపి "బ్యూటిఫుల్" అన్నారు. నేను ఆ మాట అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. టేబుల్ దగ్గర కూర్చున్నాక గోవా ఆయన సూపు ఏం తెమ్మంటారని అడిగాడు. ఆవిడ నావైపు చూడకుండా, తనకొచ్చిన హిందీలో, నెమ్మదిగా చెప్పింది.

"నాకు కూడా వేడిగానే తెండి. బాగా వేడిగా."

ఆయన నావైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆయన వెళ్ళాక "అదేంటి, నీకు వేడి పడదుగా?" అన్నాను.

"పడదని నేనెప్పుడైనా అన్నానా?"

ఆలోచించాను. అనలేదు.

"వేడిగా ఉన్నప్పుడు నాకు తినే వీలెక్కడిదండీ? మీకు, పిల్లలకి ఒక్కో దోసె వేసి పెట్టేసరికి నాకు మిగిలేది చల్లటి చట్నీ. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళందరిదీ అయ్యాక. మీరేమో పదిమందిలో 'తనకి వేడి పడదు' అంటారు. మొదట్లో చెబుదామనుకున్నా. తర్వాత అలవాటైపోయింది." కోపంగా చెప్పలేదు. పక్కింటావిడకి ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. "మొన్న రాత్రి ఎవరో నాకు వేడిగా వడ్డిస్తే, అమ్మ పెట్టిన రోజులు గుర్తొచ్చాయి. అంతే."

సరిగ్గా అప్పుడు మోగింది నా ఫోను. చాట్ మెసేజి. టేబుల్ మీద, ఉప్పు సీసా పక్కన, దేదీప్యమానంగా వెలుగుతూ.

"వైఫై కొన్నారా?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"ఎక్కకముందే. ముందే కొంటే తక్కువ..." అని ఆగిపోయాను. అంతకంటే చెత్త సమాధానం నా జీవితంలో ఏ స్టేటస్ మీటింగులోనూ ఇవ్వలేదు.

సూపు వచ్చింది. రెండు గిన్నెల్లోంచీ పొగలు. ఆవిడ చెంచాతో ఒక్కసారి ఊదుకుని తాగింది. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టింది, తుడుచుకోలేదు. నేను ఇంకేం మాట్లాడలేదు. పదిహేనేళ్ళు. రోజుకి రెండు పూటలు లెక్కేసుకుంటే దాదాపు పదకొండు వేల భోజనాలు. ప్రొడక్షన్‌లో ఒక బగ్గు ఇన్నేళ్ళు ఉంటే, యూజరు నోరెత్తకపోతే, మనం దాన్ని ఏమంటాం? ఫీచర్ అంటాం. నేను చేసిందదే.

క్యాబిన్‌కి వెళ్ళాక ఫోను లాకర్లో పెట్టి, నంబరు ఆవిణ్ణే పెట్టమన్నాను. బుధవారం రోఅటాన్‌లో దిగాం. హోండురస్ ఉత్తర తీరానికి అవతల, మెసో-అమెరికన్ పగడపు దిబ్బల వరస మీద ఉన్న దీవి. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడితే పాదాల చుట్టూ చేపలు తిరిగాయి. రాత్రి రిలీజు టైముకి మేం పైన డెక్కు మీద పడుకుని నక్షత్రాలు చూస్తున్నాం. మనసు పూర్తిగా అక్కడుందని అబద్ధం చెప్పను. రెండుసార్లు జేబు తడుముకున్నాను. గురువారం పొద్దున ఆవిడే లాకరు తీసి ఫోను ఇచ్చింది. "చూసుకోండి, లేకపోతే మీ మొహం చూడలేకపోతున్నా."

పద్దెనిమిది మెసేజిలు. మొదటి ఐదూ 'ఏదో ఫెయిలైంది' అని. ఆరోది రెండేళ్ళ క్రితం చేరిన అమ్మాయిది. సమస్య ఎక్కడుందో పట్టుకుంది. తొమ్మిదో మెసేజికి సరిచేసేసింది. మిగతా తొమ్మిదీ ఆ అమ్మాయిని మెచ్చుకుంటూ. నా పేరు ఎవరూ ఎత్తనే లేదు. సంతోషపడాలో బాధపడాలో తెలియలేదు. మా ఆవిడ మాత్రం హాయిగా నవ్వింది.

గురువారం రాత్రి హాల్లో జనం తక్కువ. గోవా ఆయన కాసేపు మా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. ఎనిమిది నెలల కాంట్రాక్టు, తర్వాత రెండు నెలలు ఇంటి దగ్గర. ఆ రెండు నెలలకి జీతం ఉండదు. వారానికి ఏడు రోజులూ పనే. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం ఒకచోట, రాత్రి రెండు విడతల భోజనాలు. కొడుకు మొదటి అడుగు ఫోన్లోనే చూశాడట. ఆ ఓడ వెనక పేరు కింద రాసి ఉన్న ఊరు బహామాస్‌లోని నసావు. జెండా ఏ దేశానిదైతే కార్మిక చట్టాలూ ప్రధానంగా ఆ దేశానివే. వీటన్నిటి పైన 2006లో కుదిరి 2013 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ఒకటుంది. దాని ప్రకారం పని గంటలకి పరిమితి పెట్టే పద్ధతైతే వారానికి 72 గంటలకి మించకూడదు. విశ్రాంతి గంటలకి పరిమితి పెట్టే పద్ధతైతే వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. వారంలో 168 గంటలు. 77 తీసేస్తే 91. ఏ పద్ధతి ఎంచుకుంటే పని ఎక్కువ చేయించుకోవచ్చో చెప్పడానికి స్పెసిఫికేషన్లు చదివిన అనుభవం అక్కర్లేదు.

"ఇంటి దగ్గర రెండు నెలలూ ఏం చేస్తావు?" అనడిగాను.

"కుర్చీలోంచి లేవను సర్," అన్నాడు నవ్వుతూ. "ఎనిమిది నెలలు నిలబడే ఉంటాను కదా. ఇంట్లో మా ఆవిడే అన్నీ నా చేతికి అందిస్తుంది."

"మరి ఆవిడకి ఎవరు అందిస్తారు?" అంది మా ఆవిడ.

ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "అది... ఎప్పుడూ ఆలోచించలేదు మేడమ్" అన్నాడు. ముగ్గురం నవ్వేశాం. కానీ ఆ నవ్వులో ఇద్దరు మగాళ్ళం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోలేదు.

ఒకరు తీరిగ్గా కూర్చోవాలంటే ఇంకొకరు నిలబడాలి. ఓడలో అది కళ్ళకి కడుతుంది. యూనిఫాం ఉంటుంది, బిల్లులో రోజుకింత అని టిప్పు పడుతుంది, దిగేముందు చెయ్యి కలిపి థాంక్స్ చెప్తాం, కవర్లో ఇంకాస్త పెట్టి ఇస్తాం. ఇంట్లో యూనిఫాం ఉండదు కాబట్టి నిలబడ్డ మనిషి కనబడదు. పైగా నిలబడటం ఆవిడకి ఇష్టమని, చల్లారిన కూడు ఆవిడకి పడుతుందని మనమే ఒక కథ అల్లి, పదిమందికీ చెప్తాం.

మిగతా రెండు రోజుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కోజుమెల్‌లో శాన్ హెర్వాసియో అని మాయన్ శిథిలాలున్నాయి. ఇష్చెల్ అన్న దేవత కోసం ఒకప్పుడు ఆడవాళ్ళు సముద్రం దాటి పడవల్లో అక్కడికి యాత్రగా వచ్చేవాళ్ళట. అన్నట్టు, పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా. శనివారం మళ్ళీ వెనకవైపు ఆ రెండు కుర్చీల్లోనే కూర్చున్నాం. ఆవిడ నవల అయిపోయింది. కథ నాకు చెప్పింది. నేను విన్నాను. "ఇప్పుడేం చేద్దాం" అని ఒక్కసారే అడిగాను. ఆఖరి రాత్రి భోజనం దగ్గర మాటలు సరిపోక, రెండో విడత వాళ్ళు తలుపు దగ్గర నిలబడితే గానీ మేం లేవలేదు.

ఇంటికొచ్చాక బరువు చూసుకుంటే నేను ఆరు పౌన్లు పెరిగాను. ఆవిడ ఒకటి. మీటరు లెక్కన నేనే ఎక్కువ వసూలు చేశానన్నమాట :)

ఇక మళ్ళీ అమ్మ ఫోను దగ్గరికి. అది మేం తిరిగొచ్చిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం. ఇక్కడ పొద్దున తొమ్మిది, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. నేను పొయ్యి దగ్గర నిలబడి దోసెలు వేస్తున్నాను. మొదటి రెండూ పెనానికి అతుక్కుని ఉప్మా అయ్యాయి. మూడోది కాస్త నిలబడింది. దాన్ని వేడివేడిగా తీసుకెళ్ళి మా ఆవిడ ప్లేట్లో వేశాను. అత్తగారు అదోలా చూశారు, మామగారు పేపరు చదువుతున్నట్టు నటించారు. ఆవిడ ఆ ఒక్క దోసె తినేలోపు రెండుసార్లు లేవబోయింది. ఒకసారి నీళ్ళకి, ఒకసారి చిన్నాడి చట్నీకి. రెండుసార్లూ "ప్లీజ్ సిట్, మేడమ్" అన్నాను. పిల్లలు పడి పడి నవ్వారు.

గొప్పగా మారిపోయానని చెప్పడం లేదు. మధ్యలో రెండు ఆదివారాలు ఎగ్గొట్టాను, ఒకటి బద్ధకం వల్ల, ఒకటి ఆఫీసు వల్ల. మామూలు రోజుల్లో ఇంకా ఆవిడే. కాకపోతే ఇప్పుడు రాత్రిపూట గిన్నెలన్నీ టేబుల్ మీద పెట్టుకుని అందరం ఒకేసారి కూర్చుంటున్నాం. ఎవరికి కావాల్సింది వాళ్ళే వడ్డించుకోవాలి. ఇంత చిన్న మార్పు చెయ్యడానికి సముద్రం మధ్యదాకా వెళ్ళాల్సొచ్చింది, అదీ నా తెలివి.

ఫోను స్పీకర్లో ఉంది. "ఇంటికొస్తే నేను పెట్టనూ?" అని అమ్మ అన్నాక, "నువ్వు తిన్నావా అమ్మా?" అనడిగాను.

"మీ నాన్నగారు తింటున్నార్రా. ఆయనది అయ్యాక నేను తింటా. నాకేం తొందర, వేడి వేడిగా నాకెలాగూ పడదుగా."

దోసె మాడిన వాసన వచ్చింది. "నాన్నకి ఫోనివ్వు" అన్నాను. నాన్న "హలో" అన్నారు. ఏం చెప్పాలో, డెబ్భై దాటిన మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. క్రికెట్ గురించి అడిగి పెట్టేశాను.

వచ్చే వేసవికి ఇండియా వెళ్తున్నాం. ఫోన్లో చెప్పలేనిది అక్కడ అమ్మని కూర్చోబెట్టి, రెండు దోసెలు వేసి చూపిస్తే సరిపోతుందేమో. పెనానికి అతుక్కోకుండా ఎలా వెయ్యాలో అప్పటికైనా రావాలి మరి.